బహుమతి దాత

కోదాడ బండలాగుడు పోటీలో కొండల్ ఎడ్లు గెలిచాయి. బహుమతి దాత కాటమ్మ కవరు అతని చేతికిచ్చి, నేరుగా ఎడ్ల దగ్గరికి నడిచింది.

కొండల్ ఆమె వెంటే వచ్చాడు. “అవ్వా, తాత పోయినంక ఈ ఎడ్లను నాకే అమ్మినవ్. ఆ పైసలల్లకెళ్లే ఏటా బహుమతి పెడుతున్నవట. అవి ఖతమైతే ఎట్ల బతుకుతవ్?”

కాటమ్మ కొంగుముడి విప్పి, ఉడకబెట్టిన ఉలవలు పెట్టింది. ఎర్రెద్దు ఆమె అరచేయంతా నాకింది. దాని గంగడోలు నిమురుతూ నిలబడింది.

“ఇంట్ల ఒక్కదాన్ని. నాకెంత గావాలె?”

“అయితే వచ్చే ఏడు గూడ పెడతవా?”

“పెడత బిడ్డా. ఊకె రమ్మంటే, హుజూర్‌నగర్ నుంచి వీటిని లారీ ఎక్కిచ్చుకొని గీడిదాక వస్తవా?”