పిల్లికి పిల్లి

"మా పిల్లిని పురుగుమందుతో చంపుతావట్రా?" పానకాలు పక్కింటి అన్వర్ చొక్కా పట్టుకున్నాడు.

"నేనెందుకు చంపుతాన్రా? మతిగాని పోయిందా?"

"నిన్న పత్తికి మందు కొట్టొచ్చి ట్యాంకు ఎక్కడ కడిగావ్? మా గుమ్మం ముందే కదూ! ఆ నీళ్లు నాకిందిరా మా చిట్టి. తెల్లారిందగ్గర్నుంచీ నేలమీద పడి దొర్లుతోంది. ఇదిగో, కేసు పెట్టడానికి వీడియో కూడా తీశా."

"మా సుల్తాన్ కూడా అక్కడే తిరిగాడు. వాడికేం కాలేదే?"

ఆ మాటతో పానకాలుకి ఒళ్లు మండిపోయింది. అరుగు మీద కునుకుతున్న సుల్తాన్‌ని లటుక్కున ఎత్తుకున్నాడు. "మా చిట్టికి ఏమన్నా అయిందా, నీ పిల్లి నీకు దక్కదు!"

ఏడు నెలల చిట్టి అంటే అతనికి ప్రాణం. పొద్దుట్నుంచీ దాని అరుపులు విని విని ఉన్నాడు. చెయ్యంతా రక్కుతున్నా వదలకుండా సుల్తాన్‌ని పెరట్లోకి మోసుకుపోయాడు. మిరపకాయల బస్తాల గది తలుపు ఓరగా తీసి, లోపలికి తోసి, గొళ్లెం పెట్టాడు. మళ్లీ వీధిలోకొచ్చి తిట్లు అందుకున్నాడు.

అన్వర్ ఫోన్ చేస్తే గంటకి పశువుల డాక్టరు శ్రీదివ్య వచ్చింది. వీడియో రెండుసార్లు చూసింది.

"వాంతులు, నురగ?"

"లేవండి."

"తిండి తింటోందా?"

"పొద్దున చేపముక్క మొత్తం తినేసిందండి."

డాక్టరుకి చిర్రెత్తుకొచ్చింది. "గేదె ఎదకొస్తే గుర్తుపడతారు, పిల్లిని గుర్తుపట్టలేరా? దొర్లడం, అరవడం, నడుం పైకెత్తడం, అన్నీ అందుకే. విషమూ లేదు, ఏమీ లేదు. ఓ వారంలో అదే తగ్గుతుంది. అందాకా గదిలో పెట్టి తలుపేయండి. మగపిల్లి దరిదాపులకి రాకూడదు. ఇంత పసిదానికి కడుపైతే ప్రాణం మీదకొస్తుంది. ఎద తగ్గాక తీసుకురండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తాను."

పానకాలు తల దించుకున్నాడు. అన్వర్ మాత్రం వదల్లేదు. "విన్నావా? ఇక నా సుల్తాన్‌ని తెచ్చియ్యి!"

"ఇస్తాన్లేరా, ఆగు." పానకాలు ఇంటివైపు తిరిగి కేకేశాడు. "సామ్రాజ్యం! చిట్టిని గదిలో పెట్టి తలుపెయ్యవే!"

"నువ్వు తగూకి పోగానే వేశాగా!" అంది భార్య వంటింట్లోంచి. "ఆ గోల పడలేక మిరపకాయల గదిలో పెట్టా. గంట నుంచీ చప్పుడే లేదు!"