దొంగ తరంగం

"సార్, దొరికింది! మంగళవారం డేటాలో. రెండు కృష్ణబిలాలు సార్, ఢీకొని ఒకటైపోయినాయి!"

ఫోన్‌లో మాట్లాడుతున్నది నీరజ. అది వినగానే ఎగిరి గంతేయాల్సిన దామోదర్ కుర్చీలో కూలబడ్డాడు.

కారణం ఉంది. మంగళవారం డేటాలో దొంగ తరంగాన్ని కలిపింది అతనే.

అదేమీ మోసం కాదు, వాళ్ళ పనిలో ఒక పద్ధతి. ఎక్కడో కృష్ణబిలాలు ఢీకొంటే పుట్టే గురుత్వ తరంగం భూమికి చేరేసరికి ఉందా లేదా అన్నంత సన్నగిల్లిపోతుంది. విదేశాల్లో యంత్రాలు నమోదు చేసిన గుట్టలకొద్దీ డేటాలో దాన్ని వెతకడమే కుప్పంలోని వాళ్ళ చిన్న బృందం పని. వెతికేవాళ్ళు మేలుకునే ఉన్నారా, కునికిపాట్లు పడుతున్నారా అని చూడటానికి అప్పుడప్పుడు బృందానికి పెద్దయిన దామోదర్ ఒక దొంగ తరంగాన్ని గుట్టుగా అందులో కలుపుతాడు. నెలాఖరులో అందరి ముందూ బయటపెడతాడు. అంతవరకు కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పకూడదు.

"నాలుగు దినాలుగా సరిచూస్తాండాను సార్. ఇంక అనుమానమే లేదు. సాయంత్రం ఐదుకు ఆ మదనపల్లె కాలేజీవాళ్ళకు రానని మెయిల్ పెట్టేస్తా. నేనింక ఈ పనిలోనే ఉంటా!"

టక్కున ఫోన్ పెట్టేసింది.

దామోదర్‌ కుర్చీలోంచి లేచాడు. తన బృందంలో నీరజ పరిశోధన గడువు ఈ నెలతో సరి. మదనపల్లెది మూడేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన లెక్చరర్ ఉద్యోగం. తన దొంగ తరంగాన్ని నమ్ముకుని ఆ పిల్ల దాన్ని కాలదన్నుకుంటోంది! తిరిగి ఫోన్ చేశాడు. బిజీ. మళ్ళీ చేశాడు. బిజీ. ఊరంతటికీ చెప్పుకుంటున్నట్టుంది మహాతల్లి. మెసేజీ పెడితే చూడనే లేదు. నియమం గంగలో కలవనీ అనుకుని, ఇంటి నుంచే పనిచేస్తున్న నీరజ కోసం పుంగనూరుకు బయలుదేరాడు.

పలమనేరులో బస్సు మారాడు. దారి పొడవునా భయమే. ఏమని చెప్పాలి? 'నీ సంతోషమంతా నేను ఆడించిన నాటకం' అనా? ఫోన్‌లో టైము చూసుకోవడం, డ్రైవర్‌ను తిట్టుకోవడం, ఇదే పని. ఆ డ్రైవరేమో టీ కోసం ఆపిన చోటల్లా బంధువులున్నట్టు కబుర్లు పెట్టాడు.

నాలుగున్నరకు నీరజ వాళ్ళ వీధిలో ఆటో దిగాడు. వాళ్ళమ్మ పాపక్కది వీధి మొదట్లోనే బొరుగుల అంగడి. అతన్ని చూడగానే ఎదురొచ్చింది.

"రాండి సార్, రాండి! మా పిల్ల ఆకాశంలో ఏందో పట్టిందంట గదా! వీధి వీధంతా చెప్పేసినా. యాల సార్, ఇట్లా చెమట్లు కారిపోతాండాయి? ఒంట్లో బాగలేదా?"

ఒక బొరుగుల ఉండ తెచ్చి చేతిలో పెట్టింది. దాన్ని నోట్లో వేసుకునే ధైర్యం కూడా అతనికి లేదు.

ఇంతలో నీరజ లాప్‌టాప్ చంకన పెట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చింది. "ఐదు దాకా ఆగలేకపోయినా సార్. మెయిల్ పెట్టేసినా."

దామోదర్ అంగడి బెంచీ మీద కూర్చుండిపోయాడు. అయిపోయింది. చేతులారా ఈ పిల్ల నోట్లో మన్ను కొట్టాను దేవుడా, అనుకున్నాడు. ఇక దాచి లాభం లేదు.

"నన్ను క్షమించమ్మా నీరజా," అన్నాడు. "అది కృష్ణబిలాలది కాదు. మీకు పరీక్ష పెట్టడానికి నేనే కలిపిన దొంగ తరంగం."

నీరజ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పాపక్కకు ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ కూతురి ముఖం చూసి గబుక్కున భుజం పట్టుకుంది.

"ఏమైంది పాపా? ఏమంటాండాడు సారు?"

నీరజ దామోదర్ వైపు తిరిగింది.

"ఎన్ని గంటల డేటాలో కలిపినారు సార్?"

"మంగళవారం పొద్దున తొమ్మిదీ ఇరవై."

ఆమె బెంచీ మీదే లాప్‌టాప్ తెరిచింది. ఒకసారి చూసింది. మళ్ళీ చూసింది. తలెత్తి, మెల్లగా అంది:

"నాకు దొరికింది సాయంత్రం నాలుగూ పదిది సార్, మీరు కలిపిందాన్ని మేమెవరమూ పట్టుకోనే లేదు."