కాయల వంద

"ఎవరు ఎవరిది చూసి రాశారు? నిజం చెప్పండి."

ముత్యాలు, సత్యదుర్గ తలలు వంచుకున్నారు. సరోజిని టీచరు ఇద్దరి కాగితాలనూ బల్ల మీది జవాబుల కాగితం పక్కన పెట్టి మరోసారి చూసింది. రెండు వందల కొబ్బరికాయలు నలుగురికి సమంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని? ఇద్దరూ యాభై మూడు వేశారు. ఒప్పు ఒకేలా ఉండొచ్చు. తప్పు కూడా ఒకేలా ఉందంటే అది కాపీయే.

గురుకులం సీటు పరీక్షకి అయిదో తరగతి నుంచి ఒక్క పేరే పంపాలి. యాభై వేసింది శ్రీదుర్గ ఒక్కతే. కొబ్బరికాయల కొట్టు మంగరాజు గారి కూతురు. ముందు వరసలో, టీచరు బల్లకి ఆనుకునే కూర్చుంటుంది. ఫారం మీద ఆ పేరు రాయడమే తరువాయి. కానీ ఈ ఇద్దరి సంగతి తేలందే సరోజినికి చెయ్యి కదలలేదు.

"ఒట్టండి, నేను చూళ్ళేదండి," అంది ముత్యాలు. ఏడాదిగా ఆ సీటు మీదే ఆశ పెట్టుకున్న పిల్ల.

సరోజిని సత్యదుర్గని వరండాలోకి పంపి తలుపు వేసింది. కిటికీ కూడా మూసింది.

"మూడు వందల కాయలు ఇద్దరికి?"

ముత్యాలు వేళ్ళు మడిచింది. "నూట యాభై తొమ్మిదేసండి."

వరండాలోకి వెళ్ళి అదే అడిగింది.

"నూట యాభై తొమ్మిదండి," అంది సత్యదుర్గ.

సరోజిని గోడకేసి అనుమానంగా చూసింది. ముందే కూడబలుక్కున్నారా? ఈ లెక్క తనకి తట్టిందే ఇప్పుడు కదా!

"వందంటే ఎంతే?"

"మామూలు వందాండి, కాయల వందాండి?"

"కాయల వందేవిటి?"

"ఆయ్, నూటారండి. కుళ్ళుకీ పగుళ్ళకీ ఆరు కలుపుతారు కదండీ. మంగరాజు గారి కొట్లో మా అమ్మోళ్ళు అలాగే లెక్కెడతారండి."

లోపలినుంచి ముత్యాలు అందుకుంది. "మీరే కదండీ కాయలని రాసేరు!"

సరోజినికి నవ్వొచ్చింది. సిగ్గూ వేసింది. పుస్తకంలో మామిడిపళ్ళని ఉంటే, పిల్లలకి దగ్గరగా ఉంటుందని కొబ్బరికాయలుగా మార్చింది తనే. కాకినాడ మనిషికి కాయల వంద ఏం తెలుస్తుంది?

ఇద్దర్నీ కూర్చోబెట్టి శ్రీదుర్గ వైపు తిరిగింది.

"పోనీ, నువ్వు చెప్పమ్మా వీళ్ళకి. వంద కాయలు ఇద్దరికి పంచితే?"

శ్రీదుర్గ లేచి నిలబడి, ఠక్కున చెప్పింది.

"యాభై మూడేసండి."

సరోజిని చూపు శ్రీదుర్గ మీంచి, ఆమె ఎదురుగా బల్ల మీదున్న జవాబుల కాగితం మీదికి వెళ్ళింది.