వెళ్ళొస్తానన్న గొంతు

మోకాళ్ళ నొప్పులకు ఎండ మంచిదని దర్జీ, అతని భార్య పరాయి దేశంలో రాజుల కాలం నాటి రాతి ఇంట్లోకి కాపురం మార్చి వారమైంది. ఆ వీధి మొత్తానికి తెలుగు వచ్చినవాళ్ళు వాళ్ళిద్దరే.

చీకటి పడింది. పగలంతా ఎండ తాగిన గోడలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. గేటుకు తాళం వేయడానికి అతను చెప్పులు తొడుక్కున్నాడు.

"వెళ్తున్నా."

"ఎన్నిసార్లు చెప్పాలండీ! వెళ్ళొస్తా అనండి." ఆ ఒక్క మాట అనకుండా వెళ్ళిన ఆమె తమ్ముడు మళ్ళీ గడప తొక్కలేదు.

"గేటు దాకేగా! నీ చాదస్తం తగలెయ్య." నవ్వుకుంటూ అతను మెట్లు దిగాడు.

ఆమె వెనక, తలుపు మూసి ఉన్న ఖాళీ గదిలోంచి, అచ్చం అతని గొంతే మెల్లగా పలికింది.

"వెళ్ళొస్తా."

ఆమె వెనక్కి తిరగలేదు. బయట చెప్పుల చప్పుడు గేటు దాకా వెళ్ళింది. తాళం పడింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. చెప్పులు తిరిగి రాలేదు.

"ఏమండీ," ఆమె గేటు వైపు చూస్తూ గట్టిగా పిలిచింది. "వస్తున్నారా?"

"ఆఁ, వచ్చేశా."

ఆమె వెనక, ఆ గది గడియ లోపలి నుంచి తీసిన చప్పుడైంది.