ఫొటో దాచిన తారీఖు

మొదటి దెబ్బకే పర్వతాలు మోకాలు పటుక్కుమంది. రెండో దెబ్బకు కొట్టంలో కోళ్ల దాణా బస్తాల మీద వెల్లకిలా పడ్డాడు.

"గౌరన్నా! నేనేం జేసిన అన్నా?"

"ఏం జేసినవా? నా తమ్మున్ని సంపి, నా ఇంట్లనే కూడు తింటున్నవ్ గదరా!"

గౌరయ్య ఒక చేతిలో ఇనుప పైపు ఉంది. రెండో చేతిలో పర్వతాలు ఫోనుంది. తమ్ముడు భాస్కర్ సంవత్సరీకం ఫ్లెక్సీకి మంచి ఫొటో చూసుకోమని ఆ ఫోను పొద్దున తెచ్చిచ్చింది పర్వతాలే. భాస్కర్‌కు ప్రాణస్నేహితుడు మరి!

పాడు ఫోను! ఫొటోను పైకి తోస్తే చాలు, ఎక్కడ తీశారో ఎప్పుడు తీశారో అంతా కక్కేస్తుందని మేడ్చల్ ఫ్లెక్సీ షాపువాడు సరదాకి చూపించాడు. ఒక్కొక్కటే చూస్తూ పోయిన గౌరయ్యకు, పర్వతాలు మొహం మాత్రమే ఉన్న ఫొటో ఒకటి తగిలింది. వెనక వట్టి తెల్లగోడ. పైకి తోశాడు. షామీర్‌పేట మ్యాపు, సరిగ్గా భాస్కర్ కోళ్లఫారం మీద ఎర్ర చుక్క, పక్కన 06/05. నిరుడు మే ఆరునే ఆ ఫారంలో ఎవడో భాస్కర్ తల పగలగొట్టి చంపాడు. ఎవడో పోలీసులు ఇప్పటికీ తేల్చలేదు.

"ఆ దినం షామీర్‌పేట మొకమే సూడలేదని నా బిడ్డ మీద ఒట్టేసినవ్!"

"నిజంగనే సూడలే అన్నా."

"మల్ల గిదేంది? గీ జాగ భాస్కర్ ఫారం గాదా?"

పర్వతాలు కంట్లోకి కారుతున్న రక్తం తుడుచుకుని చూశాడు. "ఫారమే."

"ఎందుకు పోయినవ్ రా?"

"వాని కోసమే పోయిన."

ఇంకేం కావాలి! గౌరయ్యకు ఒళ్లు తెలియలేదు. భుజం మీద కొట్టాడు, పక్కటెముకల మీద కొట్టాడు. అడ్డం పెట్టిన చెయ్యి విరిగింది.

"ఆ దినం గాదన్నా... నేను పోయింది..."

"ఫోను అబద్ధం జెప్తదారా?"

ఈసారి పైపు తల మీద పడింది. మరి రెండుసార్లు పడింది. పర్వతాలు బస్తాల మీంచి కిందికి జారిపోయాడు.

అరుపులు విని గౌరయ్య కూతురు హర్షిత కాలేజీ బ్యాగుతోనే పరుగెత్తుకొచ్చింది. "అయ్యో నాయినా!" అంటూ పర్వతాలు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు.

"ఏడ్వకు బిడ్డా. మీ చిన్నాయిన్ని సంపినోడు వీడే," అన్నాడు గౌరయ్య రొప్పుతూ. కసి తీరిన సంతోషం గొంతులో దాగలేదు. "కావాల్నంటే నువ్వే సూడు. ఆరో తారీఖు, ఐదో నెల."

హర్షిత ఫోను అందుకుంది. ఆ ఫొటో చూసింది. దాని పక్క ఫొటో కూడా పైకి తోసి తండ్రి మొహం ముందు పెట్టింది.

"గిది సదువు నాయినా."

"ఆరు... ఇరవై ఐదు."

"ఇరవై ఐదో నెల ఏడన్న ఉంటదా?"

గౌరయ్య మళ్లీ ఫోను మీదికి వంగాడు.

"గీ ఫోన్ల ముందు నెల ఉంటది, తర్వాత తారీఖు," అంటూ హర్షిత ఉన్నచోటే కూలబడింది. "పర్వతాలు కాక ఆడికి పోయింది జూన్ ఐదుకు నాయినా... చిన్నాయిన నెల మాసికం నాడు."