కారులో రెండోవాడు

"మీవాణ్ణి వదిలేశామని ఫోన్లో చెప్పాను కదండీ, ఇంకా ఎందుకొచ్చారు?" అంటూ అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని మా ఊరి పోలీస్ స్టేషన్‌లో సార్జెంట్ క్రెబ్స్ నాకు కాఫీ ఇచ్చాడు.

"కారులో ఇద్దరున్నారు. గంజాయి ఇద్దరి మధ్యా దొరికింది," అన్నాను.

"మీవాడు మంచి కుటుంబంలో పిల్లాడు, మందలించి పంపేశాం. ఆ నల్లకుర్రాణ్ణి లోపలేశాం. ఊళ్లో వాళ్ల పిల్లలు పుట్టగొడుగుల్లా పెరిగారు, అందుకే అరెస్టులూ పెరిగాయి. మీవాణ్ణి వాడితో తిరగనివ్వకండి."

"ఎలా కుదురుతుంది? ఇద్దరూ పడుకునేది ఒకే గదిలో."

కాఫీ కప్పు అతని ముందుకే తోశాను.

"పెద్దాడికి నా తెలుపొచ్చింది, చిన్నాడికి వాళ్ల నాన్న నలుపొచ్చింది. ఇద్దర్నీ కన్నది నేనే. మంచి కుటుంబమన్నావుగా? లోపలున్నవాడిదీ అదే కుటుంబం. తాళం తియ్యి!"