ఆ పాటకు లేవని మనిషి

డెల్ మర్కోవిచ్ గిటార్ తీగ మీటాడో లేదో, బేస్‌బాల్ మైదానం మొత్తం టోపీలు తీసి లేచి నిలబడింది.

ఒక్క ముసలాయన తప్ప.

అమెరికాలో, ఓహాయోలోని ఆ ఉక్కు కర్మాగారాల ఊళ్ళోనే పుట్టిన డెల్, యాభై ఏళ్ళు దేశమంతా రాక్ పాటలు పాడి, ఆఖరి కచేరీకి సొంత ఊరొచ్చాడు. అతని ‘తగ్గకు అన్నా’ పాటని బీరు కంపెనీలు వాడుకున్నాయి, ట్రక్కుల కంపెనీలు వాడుకున్నాయి, ఎన్నికల్లో రెండు పార్టీలూ వాడుకున్నాయి. దానికి లేచి నిలబడాలన్న రూలు ఎవడు పెట్టాడో మాత్రం ఆ దేవుడికే తెలియాలి.

“లేవయ్యా పెద్దాయనా,” అన్నాడు పక్క సీటు కోడీ. పాట పల్లవిని చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్న వీరాభిమాని.

“కూర్చునే వింటాను నాయనా.”

“ఇది సైనికుడి పాట. కాస్త మర్యాద నేర్చుకో.”

“చరణాలు ఎప్పుడైనా విన్నావా? అందులో కుర్రాడు జడ్జి ముందు నిలబడి, తుపాకీ పట్టను పొమ్మంటాడు.”

“చరణాలెవడిక్కావాలి? అయినా నువ్వు రాశావా ఏంటి?”

“రాయలేదు.”

“మరింకేం, నోర్మూసుకుని లే. మా తాత వియత్నాం యుద్ధంలో పోయాడు.”

ముసలాయన గొంతు తగ్గింది.

“మీ తాతలాంటి వాళ్ళు పోకూడదనే లేవట్లేదు. ఈ ఒక్క పాట కోసమే వచ్చాను, విననీ.”

కోడీ చేతిలోని బీరు ఆయన చొక్కా మీద ఒలికింది.

“చెయ్యి జారింది,” అన్నాడు. చుట్టూ నవ్వారు.

ఇద్దరు కాపలావాళ్ళు వచ్చారు.

“గొడవెందుకండీ, కాసేపు నిలబడితే పోయేదేముంది?”

“ఉంది. లేవను.”

చెరో రెక్కా పట్టుకుని ఎత్తారు. మహానుభావుడు అప్పుడు కూడా కాళ్ళు నేలకి ఆనించలేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే గేటు దాటాడు. జనం చప్పట్లు కొట్టారు.

పాట అయింది. కళ్ళల్లో పడే దీపాల వెలుగులో కింద ఎవరూ ఆనకపోయినా, డెల్ మైకు అందుకున్నాడు.

“దీన్ని మీరంతా మీకు నచ్చినట్టు పాడుకున్నారు. నేను రాసింది మాత్రం ఒక్కడి గురించి. యుద్ధానికి పోనని జైలుకి పోయాడు. ఈ ఊరు వెలేసింది. ఎన్నేళ్ళు పిలిచినా రానివాడు ఇవాళ వచ్చాడు. నేను పంపిన టికెట్ మీద, ఇదిగో, ముందు వరసలోనే ఉన్నాడు.”

కెమెరా అటు తిరిగింది. పెద్ద తెర మీద బీరుతో తడిసిన ఖాళీ సీటూ, పక్కనే కోడీ మొహమూ కనిపించాయి.

డెల్ తెరకేసి చూశాడు.

“తమ్ముడూ,” అన్నాడు కోడీతో, “మా అన్న ఏడీ?”